రాగి రాజు దానధర్మాలు

పెద్ద పరిశ్రమల యజమానులు ఆసుపత్రులకు, విద్యాలయాలకు, గ్రంథాలయాలకు ఇచ్చే విరాళాలను గురించి పత్రికలలో తరచుగా ప్రశంసలు వెలువడుతుంటాయి. 2013 నాటి కంపెనీల చట్టం వచ్చిన పిమ్మట, నిర్ణీత పరిమాణాన్ని మించిన కంపెనీలు తమ సగటు నికరలాభంలో నూటికి 2 వంతులు సాంఘిక కార్యక్రమాలకు వెచ్చించవలసి ఉన్నందున, ఈ ప్రశంసలు ఇంకా ఎక్కువైనాయి. ఇట్టి దానాల పట్ల కార్మికోద్యమం ఏ వైఖరి వహించవలెనన్న ప్రశ్న మన శాఖల సమావేశాలలో వినిపిస్తూనే ఉంటుంది. కొందరు సోదరులు దాతలందరినీ ఒకే గాటన కట్టి కపటులని కొట్టిపారవేస్తారు. మరికొందరు, ఇచ్చిన చేతిని తప్పుపట్టడం సంస్కారం కాదంటారు. రెండూ తొందరపాటు మాటలేనని మా అభిప్రాయం. ఊరక వాదించుకొనుటకంటె ఒక దాత జీవితాన్ని మొదటినుండి చివరి వరకు పరికించి చూడడం మేలు. అందుకు మేము ఎన్నుకొన్న వ్యక్తి ఆల్‌ఫ్రెడ్ చెస్టర్ బీటీ. వృత్తిరీత్యా గనుల ఇంజనీరు. లోకం ఆయనను రాగి రాజు అని పిలిచింది.

రైల్వే, తపాలా ఉద్యోగులకు రాగితో ఉన్న సంబంధం చెప్పనవసరం లేదు. తంతి తీగలోను, టెలిఫోను కేబులులోను, పాత ఆవిరి ఇంజన్ల ఫైరుబాక్సులోను, నేటి విద్యుత్ లైన్లలోను ఉన్నది ఆ లోహమే. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసినది గాని, మోర్సు మీటను కొట్టిన చేతులు ఇంకా మన పింఛనుదారుల సంఘాలలో ఉన్నాయి. ఆ రాగి ఏ దేశపు భూగర్భంలోనుండి, ఎవరి చేతుల మీదుగా వచ్చినదని మనం ఎన్నడూ విచారించి ఉండము.

బీటీ 1875 ఫిబ్రవరి 7న న్యూయార్కులో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే ఖనిజపు రాళ్లు, తపాలా బిళ్లలు, చైనా దేశపు నశ్యపు బుడ్లు సేకరించే అలవాటు ఆయనకు అబ్బినది. తపాలా బిళ్లలతో మొదలైన సేకరణ ఎంత దూరం పోగలదో తపాలా సోదరులు ముందు ముందు చూస్తారు. 1898లో కొలంబియా గనుల కళాశాలలో పట్టభద్రుడైన తరువాత తండ్రి నీడన కూర్చొనక, పడమటి దిక్కున కొలరాడో గనులకు ప్రయాణం కట్టాడు. పట్టా చేతనున్నా అక్కడ దొరికిన మొదటి పని సొరంగంలో పేల్చిన రాతిని పారతో ఎత్తిపోసే కూలిపని. గంటకు పాతిక సెంట్లు. కొద్దికాలానికే మేస్త్రీగా, పిదప గని నిర్వాహకుడుగా ఎదిగాడు. 1903లో ప్రసిద్ధ ఇంజనీరు జాన్ హేస్ హేమండ్‌కు సహాయకుడుగా గుగ్గెన్‌హైమ్ సంస్థలో ప్రవేశించి, ఏ కొండ గర్భంలో ఎంత ధాతువున్నదో, దానిని తవ్వితే ఎంత గిట్టునో అంచనా కట్టడంలో అద్వితీయుడనిపించుకొన్నాడు. నలుబదేండ్లు నిండకమునుపే ధనవంతుడైనాడు.

ధనంతో బాటు ఆ సొరంగాలు ఆయనకు మరొక దానినీ ఇచ్చినవి. అది సిలికోసిస్. రాతిని తొలిచినప్పుడు లేచే సన్నని ఇసుకదుమ్ము ఊపిరితిత్తులలో చేరి, అక్కడ మచ్చకట్టి, శ్వాసకోశాన్ని గట్టిపరచే వ్యాధి ఇది. ఒకసారి లోన చేరిన దుమ్మును వెలికి తీయగల ఔషధం నాడు లేదు, నేడూ లేదు. దుమ్ములో పని మానిన తరువాత కూడ రోగం పెరుగుతూనే ఉండవచ్చును. బీటీ శీతాకాలాలలో ఈజిప్టుకు పోయి పొడిగాలిలో విశ్రమించేవాడు. ఆ ప్రయాణాలలోనే ప్రాచీన గ్రంథాల మీద, వ్రాతప్రతుల మీద ఆయనకు మక్కువ ముదిరినది. అదే పారతో, అదే సొరంగంలో, అదే కూలికి పనిచేసిన తక్కినవారికి ఈజిప్టు లేదు. వారు అదే దుమ్మును పీల్చుచు, దగ్గుచు, పని చేయగలిగినంత కాలం చేసి, చేయలేని నాడు ఇంటికి పోయారు.

మొదటి భార్య 1911లో మరణించిన తరువాత బీటీ లండనుకు మకాం మార్చాడు. 1914లో సెలెక్షన్ ట్రస్టు అను సంస్థను స్థాపించాడు. అది గోల్డ్‌కోస్టులో వజ్రాలు తవ్వినది. సియెర్రా లియోన్‌లో 1935 నాటి ఒడంబడిక ప్రకారం 99 ఏండ్ల పాటు వజ్రాల మీద ఏకైకహక్కు సంపాదించినది. యుగోస్లావియాలో త్రెప్చా సీసపు గనులను తెరచినది. అయితే అన్నింటిలోకి ప్రధానమైనది ఉత్తర రొడీషియాలోని రాగి మండలం. అదే నేటి జాంబియా. అక్కడ పైపొరలలోని ధాతువు పేలవమైనదని తక్కినవారు ఉపేక్షించగా, అడుగున గంధకంతో కలిసిన రాతిలో రాగి సమృద్ధిగా ఉన్నదని నమ్మి, దానిని వేరుచేసే కొత్త ప్రక్రియలు వచ్చినవి గనుక లాభం తప్పదని లెక్కగట్టి, ధైర్యంగా పెట్టుబడి పెట్టినవాడు బీటీ. ఇంజనీరుగా ఆయన ప్రజ్ఞను మేము తక్కువ చేయబోము. లువాన్‌ష్యా వాగు ఒడ్డున రోన్ ఆంటిలోప్ గని కంపెనీ 1927లో ఏర్పడినది. ముఫులిరా గని కూడ ఆ వర్గానిదే.

గని తెరచిన తొలినాళ్లలో లువాన్‌ష్యాకు పనివారు రాలేదు. వచ్చినవారు పారిపోయారు. ఆ వాగులో ఒక మహాసర్పమున్నదని, అది మనుష్యులను మ్రింగుచున్నదని చెప్పుకొన్నారు. నిజానికి మ్రింగుచున్నది మలేరియా. కంపెనీ లండనులోని రాస్ ఇన్‌స్టిట్యూటు సహాయం కోరగా, మలయాలో దోమల నిర్మూలనలో ఆరితేరిన సర్ మాల్కమ్ వాట్సన్ పర్యవేక్షణలో ఊబినేలలను ఎండగట్టి, వాగులను సరిచేసి, నీటిమీద నూనె చల్లించారు. మరణాలు గణనీయంగా తగ్గినవి. ఈ ఇన్‌స్టిట్యూటు ఎవరి పేర వెలసినదో తెలుగు పాఠకులకు విదితమే. సికిందరాబాదు బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్ పేర. మన నేల మీద తేలిన సత్యం ముప్పది యేండ్ల తరువాత ఆఫ్రికా గని కార్మికుని ప్రాణం కాపాడినదనుట మాకు ఆనందదాయకమే. అయితే ఒక విషయం మరువరాదు. అది దానం కాదు. పనివారు చచ్చినా, పారిపోయినా గని నడువదు గనుక కంపెనీ పెట్టిన ఖర్చు అది. అట్లని ఆ పని విలువ తగ్గదు. దాని లెక్క ఏ పద్దులో వ్రాయవలెనన్నదే ప్రశ్న.

ఇప్పుడు 1935వ సంవత్సరానికి వత్తాము. ఆర్థికమాంద్యంలో రాగి ధర కుప్పకూలినప్పుడు ఆ ప్రాంతపు గనులు అనేకం మూతపడినవి. 30,000 వరకు ఉన్న ఆఫ్రికన్ కార్మికుల సంఖ్య 1932 నాటికి 7,000 లోపునకు పడిపోయినది. మిగిలినవారి కూలి తగ్గించారు. కూలి లెక్క మన వద్దవలె మాసానికి కాదు, టిక్కెట్టుకు. ముప్పది షిఫ్టులు పూర్తియై టిక్కెట్టు మీద గుర్తులన్నీ పడితేనే డబ్బు. ఇట్టి స్థితిలో వలసప్రభుత్వం గని ప్రాంతంలో తలపన్నును 12 షిల్లింగుల 6 పెన్నీల నుండి 15 షిల్లింగులకు పెంచినది. క్రొత్తగా ఉపరితలం మీద పనికి కుదిరినవానికి అది ఇంచుమించు ఒక టిక్కెట్టు కూలి. పెంపుదలను కార్మికులకు నచ్చజెప్పే ప్రయత్నమేదీ జరుగలేదు. ముఫులిరాలో పోలీసులు కూలీల నివాసాల నడుమ తిరుగుచు అరచి చెప్పారు. మే 22న అక్కడ సమ్మె మొదలైనది. అటుపిమ్మట న్కానాకు, అక్కడనుండి లువాన్‌ష్యాకు ప్రాకినది. వారికి యూనియను లేదు, నిధి లేదు, కార్యాలయం లేదు, కరపత్రం అచ్చువేయు ముద్రణాలయం లేదు. అయినను మూడు గనులు వారం రోజులలో స్తంభించినవి. సంఘనిర్మాణంలో ఏండ్ల తరబడి గడిపిన మన కార్యకర్తలు ఈ ఒక్క సంగతిని ఆలోచించవలసి ఉన్నది.

మే 29న లువాన్‌ష్యాలో కాంపౌండు కార్యాలయం వద్ద గుమిగూడిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆరుగురు చనిపోయారు. పలువురు గాయపడ్డారు. అది చెస్టర్ బీటీ అధ్యక్షుడుగా ఉన్న కంపెనీ గని.

మేము అన్యాయంగా మాటలాడదలచలేదు. బీటీ ఆ దినాన లువాన్‌ష్యాలో లేడు. కాల్పులకు ఆజ్ఞ ఆయన ఇవ్వలేదు. పన్ను పెంచినది ప్రభుత్వం, తుపాకులు ప్రభుత్వానివి. అయితే కూలిని నిర్ణయించినది కంపెనీ. టిక్కెట్టు పద్ధతి కంపెనీది. తెల్లవానికొక కూలి, నల్లవానికొక కూలిగా నడచిన వ్యవస్థ మీద లాభాలు గణించినదీ కంపెనీయే. వాటాదారులకు చేరిన లాభం గాక, త్రవ్విన ప్రతి టన్నుకు రాయల్టీ పేర బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ వసూలు చేసుకొన్నది. జాంబియా 1964 అక్టోబరు 24న స్వతంత్రమయ్యే ఘడియ వరకు ఆ భూగర్భం మీద ఖనిజహక్కు తనదేనన్నది. నేల ఎవరిదో వారికి దక్కినది మాత్రం కూలి, పన్ను.

ఆ రక్తపాతం దరిదాపులలోనే బీటీ సేకరణ తారాస్థాయికి చేరుకొన్నది. 1930 ప్రాంతంలో ఈజిప్టులో ఆయన కొన్న పాపిరస్ ఆకులలో క్రైస్తవ వేదగ్రంథపు అతిప్రాచీన ప్రతులు బయటపడి పండితలోకాన్ని కదిలించినవి. సెయింట్ పాల్ లేఖల ప్రతి ఒకటి ఇంచుమించు క్రీ.శ. 200 నాటిదని నిపుణుల నిర్ణయం. ఖురాను వ్రాతప్రతులు, పారశీక కావ్యాలు, జపాను చిత్రపటాలు, చైనా చక్రవర్తుల పచ్చరాతి పుస్తకాలు, మన దేశపు మొగలు చిత్రాలు ఆయన భాండాగారంలో చేరినవి. అక్బరు చరిత్రను చిత్రించిన ప్రతిలోని పత్రాలు, చిలుక చెప్పిన కథల తూతీనామా ప్రతి అక్కడ ఉన్నవి. ఇవి ఆయన వద్దకు వేలంపాటలలోను, వర్తకుల వద్దను, నిపుణుల సలహాతో కొనుగోలు మీదనే వచ్చినవి. దొరికినదెల్ల మూటగట్టుకొనక, మంచిది మాత్రమే ఏరుకొనే రసజ్ఞుడని పండితులు మెచ్చుకొన్నారు. అది నిజమే కావచ్చును.

వైద్యరంగంలో ఆయన చేసిన మేలు ఇంకా స్పష్టమైనది. లండనులోని రాయల్ క్యాన్సర్ ఆసుపత్రికి అనుబంధమైన పరిశోధనాసంస్థకు ఆయన తోడ్పడగా, దానికి చెస్టర్ బీటీ పరిశోధనాలయమని పేరు పెట్టారు. బుసల్ఫాన్, క్లోరాంబ్యుసిల్, మెల్ఫలాన్ అను క్యాన్సరు మందులు అక్కడి శాస్త్రజ్ఞుల కృషి ఫలితంగా వచ్చినవే. మన రైల్వే ఆసుపత్రులలో రక్తపు క్యాన్సరుకు చికిత్స పొందిన కుటుంబాలలో ఈ మందుల పేర్లు ఎరిగినవారుంటారు. ఆ మందు మ్రింగి నాలుగేండ్లు అధికంగా బ్రతికిన మనిషి ముందు నిలిచి, ఈ దానం బూటకమని చెప్పే సాహసం మాకు లేదు.

బీటీ 1950లో వ్యాపారం నుండి విరమించి ఐర్లండుకు తరలివెళ్లాడు. అదే యేట ఆ దేశపు జాతీయ చిత్రశాలకు 90కి పైగా చిత్రాలు బహూకరించాడు. డబ్లిన్‌లో తన గ్రంథాలయానికి భవనం కట్టించి, మరణానంతరం ప్రజలకు చెందునట్లు వీలునామా వ్రాశాడు. బ్రిటిషు ప్రభుత్వం 1954లో సర్ బిరుదమిచ్చినది. ఐర్లండు 1957లో తన మొట్టమొదటి గౌరవపౌరునిగా స్వీకరించినది. 1968 జనవరి 19న మొనాకోలో మరణించగా, డబ్లిన్‌లో ప్రభుత్వలాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. ఏ పదవిలోను లేని ఒక పౌరునికి ఆ దేశంలో అట్టి గౌరవం దక్కడం అదే ప్రథమం. ఆ గ్రంథాలయం 2000లో డబ్లిన్ కోటలోకి మారి, 2002లో ఐరోపా ఉత్తమ మ్యూజియం బహుమతి పొందినది. ప్రవేశానికి రుసుము లేదు. కోటీశ్వరుల నిధులు ఇనుపపెట్టెలలో మగ్గిపోవుచున్న ఈ కాలంలో ఇది అల్పవిషయం కాదు.

కాని బహుమతులు ఎవరికి దక్కినవో గమనించండి. లండనులో ఒక పరిశోధనాలయం, డబ్లిన్‌లో ఒక గ్రంథాలయం, ఒక చిత్రశాల. రాగి వచ్చిన లువాన్‌ష్యాకు దక్కినది కంపెనీ ఆసుపత్రి, కంపెనీ ఇండ్లు, కంపెనీ ఆటస్థలం. ఆ ఇల్లు ఉద్యోగమున్నంతవరకే. పని పోయిన నాడు, పని చేయలేని నాడు ఇల్లూ పోవలసినదే. దాత తన ఇష్టం వచ్చినచోట, ఇష్టం వచ్చినప్పుడు, ఇష్టమైన వస్తువునకు ఇస్తాడు. అది దానలక్షణం. దానిని తప్పుపట్టలేము. అందువలననే కూలికి, నష్టపరిహారానికి, ముసలితనపు భద్రతకు దానం ఎన్నటికీ బదులు కాజాలదు. పింఛను ప్రభువుల దయాభిక్ష కాదని, చేసిన సేవకు చెల్లవలసిన హక్కని మన సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పినప్పుడు, ఈ తేడానే న్యాయశాస్త్ర భాషలో చెప్పినది. ఏటేటా ఆ తేదీన పింఛనుదారుల దినం జరుపుకొనే మన సభ్యులకు ఇది విశదీకరించనక్కరలేదు.

రాగి మండలపు కార్మికులు దాత కోసం ఎదురుచూడలేదు. 1940లో తెల్ల కార్మికులు సమ్మెచేసి కోరికలు సాధించుకోగా, ఆఫ్రికన్ కార్మికులు అదే మార్గం పట్టారు. ఏప్రిల్ 3న, వేరొక వర్గానికి చెందిన న్కానా గనిలో సైనికుల కాల్పులకు 17 మంది బలియైనారు. వెనుకంజ వేయక 1949లో లారెన్స్ కటిలుంగు అధ్యక్షతన ఆఫ్రికన్ గని కార్మికసంఘాన్ని స్థాపించుకొన్నారు. 1952లో మూడు వారాలు సమ్మెచేసి, మధ్యవర్తి తీర్పు ద్వారా కూలి పెంచుకొన్నారు. 1955లో 58 దినాలు నిలబడ్డారు. రెండు నెలల సమ్మె అంటే ఇంట పొయ్యి ఎట్లుండునో 1974 మే నెల రైల్వే సమ్మెను చూచినవారికి తెలియును. అది 20 దినాలకే ముగిసినది.

తరువాతి చరిత్రలో మన దేశానికి కూడ భాగమున్నది. స్వతంత్ర జాంబియా గనులను జాతీయం చేసినది. 1970 సెప్టెంబరు 25న ముఫులిరాలో పైనున్న వ్యర్థపు బురద గనిలోకి విరుచుకుపడి 89 మంది మరణించారు. పిమ్మట రుణభారంతో, రాగి ధరల పతనంతో ప్రభుత్వం గనులను మరల ప్రైవేటు చేతులకు అప్పగించినది. లువాన్‌ష్యా గనిని 1997లో కొన్నది ఒక భారతీయ వ్యాపారసంస్థ. మూడేండ్లలో, 2000లో, ఆ కంపెనీ దివాలా తీసి రిసీవరు చేతికి పోయినది. కార్మికులు చివరి బకాయిలకోసం ఏండ్ల తరబడి తిరిగారు. యజమాని రంగు మారినంతమాత్రాన టిక్కెట్టు లెక్క మారదని మనవాళ్లే నిరూపించడం మాకు సిగ్గుగా ఉన్నది.

ఇక దుమ్ము సంగతి. కోలారు బంగారు గనులలో చిత్తూరు, ఉత్తరార్కాటు జిల్లాలనుండి పోయిన తెలుగు, తమిళ కూలీలు తరతరాలు ఇదే దుమ్ము పీల్చారు. మైసూరు సంస్థానం 1940లో సిలికోసిస్‌కు నష్టపరిహారపు నియమాలు చేసినది. వ్యాధి అంతకు ముందు లేక కాదు, లెక్కకు అందనందున. వ్రాతమూలకంగా ఒప్పుకొన్న నాటినుండే రోగి రోగిగా గుర్తింపబడ్డాడు. ఆ గనులు 2001లో మూతపడినవి. రాజస్థానులో రాతిగని కార్మికుల పోరాటాల ఫలితంగా 2019లో ఈ వ్యాధిగ్రస్తులకోసం ప్రభుత్వం ప్రత్యేకవిధానం ప్రకటించినది. తక్కిన రాష్ట్రాలు చాలవరకు మిన్నకున్నవి.

రైలుపట్టాల క్రింద పరచే కంకరరాయి ఎక్కడనుండి వచ్చుచున్నది? క్వారీలలో, క్రషర్ల వద్ద కాంట్రాక్టు కూలీలు కొట్టిన రాయి అది. వారిలో అధికభాగం మన సంఘాలలో సభ్యులు కారు, ఏ సంఘంలోను సభ్యులు కారు. పొడి రాతిని తొలిచి, పొడి రాతిని పిండిచేసేచోట వచ్చే దుమ్ము కొలరాడోలో బీటీ పీల్చిన దుమ్మే. దానికి నివారణ నూరేండ్ల క్రిందటనే తెలిసినది. రాతిని నీటితో తడిపి తొలవడం, క్రషరుకు కప్పు వేసి దుమ్మును లాగివేయడం, కూలీకి ఏటేటా ఛాతీ ఎక్స్‌రే తీయించడం. వీటికి దాతలు అక్కరలేదు. కాంట్రాక్టు పత్రంలో షరతుగా చేర్చి, తనిఖీ చేస్తే చాలును.

కావున రైల్వే శాఖల కార్యదర్శులను మేము కోరునదేమనగా: మీ డివిజనుకు కంకర సరఫరా చేసే క్వారీల పేర్లు, అచ్చట పనిచేసే స్త్రీపురుషుల సంఖ్య, తడిపి తొలిచే పద్ధతి ఉన్నదా లేదా, గత ఏడాది ఎవరికైన ఎక్స్‌రే తీసిరా, దగ్గు ఆయాసాలతో పని మానినవారెందరు, ఈ వివరాలు సేకరించి కేంద్రకార్యాలయానికి పంపవలెను. తపాలా సోదరులు, ముఖ్యంగా క్వారీలున్న గ్రామాలకు ఉత్తరాలు బట్వాడాచేసే గ్రామీణ డాక్ సేవకులు, ఇంటింట ఎవరు మంచం పట్టియున్నారో ఎరిగినవారు. వారి సహాయం లేనిదే ఈ జాబితా పూర్తికాదు. అందిన వివరాలను క్రోడీకరించి రైల్వే బోర్డుకు, రాష్ట్ర కార్మికశాఖలకు సమర్పిస్తాము.